సురకీ సొరకీ పొంతన

కూర్మనాథం మాస్టారికి తెలుగులో రాని మాట ఒక్కటే ఉంది. అది ‘తెలీదు’. గజపతినగరంలో ముప్ఫయ్యేళ్ళు తెలుగు పాఠం చెప్పి రిటైరైన మనిషి. పద్యానికి అర్థం అడిగితే చెప్పేవాడు, సరే. రాయగడ రైలు ఎన్నింటికొస్తుందని అడిగినా చెప్పేవాడు, పక్కింటి గేదె ఎప్పుడు ఈనుతుందని అడిగినా చెప్పేవాడు. రైలు ఆ వేళకి రాకపోతే తప్పు రైలుది. గేదె ఆ వేళకి ఈనకపోతే దానికి క్రమశిక్షణ లేదన్నమాట.

రిటైరయ్యాక ఇంటి అరుగు మీద జాతకాల పని పెట్టుకున్నాడు. నాలుగు తరాలుగా కోవెల కొలువు చేసిన వంశం. పంచాంగం ఆయనకి ఉగ్గుపాలతో పట్టించారు. అబ్బాయి పేరూ అమ్మాయి పేరూ చెబితే చాలు, మొదటి అక్షరం పట్టుకుని నక్షత్రం, నక్షత్రం పట్టుకుని రాశి, రాశి పట్టుకుని పొంతన తేల్చేసేవాడు. ఆయన కలిపిన జంటల్లో చాలామంది కలిసే ఉన్నారు. కలవనివాళ్ళు కోర్టు వాయిదాలకి కలుస్తున్నారు.

అలాంటి మనిషి దగ్గరికి మాఘమాసంలో ఒక ఆదివారం మురళీమోహన్ వచ్చాడు. ఒకప్పటి శిష్యుడు. చింతపల్లి సముద్రతీరాన కొత్తగా వెలిసిన ‘అలల విడిది’ రిసార్టుకి ఇప్పుడు మేనేజరు.

“మాస్టారూ, మీరు నాకో పుస్తకం రాసిపెట్టాలండి. చిన్నదే, ముప్ఫై పేజీలు.”

“దేని గురించిరా?”

“వైను గురించండి.”

కాఫీ తెస్తున్న ప్రసూనాంబ గుమ్మంలోనే ఆగిపోయింది. మాస్టారి భార్య ఆవిడ. ముప్ఫై మూడేళ్ళుగా ఆయన మాటలకి నవ్వాలో ఏడవాలో ఆలోచిస్తూ గడిపిన ఇల్లాలు.

మురళీమోహన్ గడగడా చెప్పేశాడు. జర్మనీ నుంచీ న్యూజిలాండు నుంచీ, ఇంకా అలాంటి చలిప్రాంతాల నుంచి వైన్లు వస్తున్నాయి. మన సముద్రంలో పడే చేపలతో, పావుగంటలో అయిపోయే వంటలు కావాలి. ఏ చేపకి ఏ వైను జతో తెలుగులో ఉండాలి. విశాఖ నుంచి వచ్చేవాళ్ళకి తెలుగు పుస్తకమంటే ఇప్పుడు మోజు. ఇంగ్లీషు పుస్తకం ఒకటి తనే తెచ్చాడు.

“మీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తాదండీ?” అన్నాడు చివర్న.

చేపలకి వేసే గాలం ఎలా ఉంటుందో మాస్టారికి తెలియదు గానీ, ఆయన మింగింది మాత్రం గాలమే. సీసపద్యం తప్ప సీసా ముట్టని మనిషి. చేపలబుట్ట వీధిలోకొస్తే కిటికీ మూసుకునే మనిషి. ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాటే ఆయనకి రాదు కదా.

“ఓస్, అదెంత!” అన్నాడు.

శిష్యుడు వెళ్ళాక ప్రసూనాంబ అంది, “వైనం తెలీకుండా ఈ వైనేమిటండీ? చేపవాసనకి మీకు కళ్ళు తిరుగుతాయి.”

“ఒకసారి చేపట్టాక వదలకూడదే.”

“చేప పట్టాక అనండి.”

మాస్టారు ఇంగ్లీషు పుస్తకం నిఘంటువు పక్కన పెట్టుకుని నిజంగానే చదివాడు. చలిచోట ద్రాక్ష నెమ్మదిగా పండుతుందిట. అందుకని పులుపు చావకుండా ఉంటుందిట. ఆ పుల్లటి తెల్లవైను చేపకి బాగా పడుతుందిట. వగరుగా ఉండే ఎర్రవైను మాత్రం చేపతో కలిస్తే నోట్లో ఇనుపరుచి పుడుతుందిట. ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత కూడా గీశాడు. అయితే అందులోని చేపలన్నీ ఆ దేశపు చేపలే. మన చందువా లేదు, మన సొర లేదు, మన నెత్తళ్ళు లేవు. ఇక వాటి కోసం బజారుకి వెళ్ళక తప్పలేదు.

సంతరోజున ఉత్తరీయం ముక్కు మీదికి లాక్కుని, ఎవరైనా చూస్తారేమోనని అటూ ఇటూ చూసుకుంటూ చేపల వరసలోకి వెళ్ళాడు. దొంగతనానికొచ్చినవాడు కూడా అంత దొంగగా ఉండడు. వరస చివర తాతమ్మ కూర్చునుంది. చింతపల్లి మనిషి. అరవై దాటాయి. మేనల్లుడు ఎర్రన్న ఆటోలో రోజూ తెల్లవారకుండా చేపల గంపలతో దిగుతుంది.

“ఏటి పంతులుగారూ, ఇలగొచ్చారు? సేపలకేటైనా ముగూర్తం ఎట్టాలా?”

“మెల్లిగా, మెల్లిగా! వంటలు కావాలి తాతమ్మా. తొందరగా అయిపోయేవి.”

“మీరు తిండానికా!” ఆవిడ రెండు చేతులూ బుగ్గల మీద వేసుకుంది.

“రాయడానికి.”

తాతమ్మ నవ్వింది. నవ్వు అయ్యాక పీట జరిపింది. ఆయన కూర్చోలేదు. ఆవిడ చెబుతూ పోయింది, ఆయన నిలబడే రాసుకున్నాడు.

“రొయ్యలిగురికి నీల్లు పొయ్యకండి. రొయ్యే ఇడుస్తాది నీరు. ఆ నీరు ఇంకిందంటే ఇగురైపోయినట్టే, దింపీడమే. నెత్తల్లకి పసుపు, ఉప్పు, కారం, ఒక పిడికిడు వరిపిండి. అంతే. సొర పుట్టంటే ముందు ఉడకబెట్టీసి, తోలు తీసీసి, పొడిలాగ సిదిపీసి, ఉల్లిపాయ పచ్చిమిరపకాయలతో ఏపుకోవాల. పిల్లతల్లికెడతాం. సంటిపిల్లకి పాలు బాగా పడతాయి.”

వైను సంగతి కూడా చెప్పక తప్పలేదు. ఆవిడ చేపల మీద నీళ్ళు చిలకరిస్తూ అంది.

“పుల్లటిదైతే పడతాది బాబూ, నిమ్మకాయ పిండినట్టే కదా. వగరుది మాత్రం వద్దు. ఒకపాలి మా కోడలు పులుసులో వగరు పిందెలేసింది. సట్టి నాకినట్టే ఉన్నాది, ఇనప సట్టి.”

ముప్ఫైసార్లు నిఘంటువు తిరగేసి మాస్టారు తెలుసుకున్నది, ఒక్క చుక్క తాగకుండా ఒక్క ముక్క చదవకుండా తాతమ్మ చెప్పేసింది. ఆయనకి అది మెచ్చుకోదగ్గ సంగతిగా తోచలేదు. ఎందుకో కొంచెం కోపం వచ్చింది.

లేవబోతుంటే ఆవిడ అడిగింది. “బుక్కులో నా పేరేస్తారా పంతులుగారూ?”

“తప్పకుండా వేస్తాను.”

“అచ్చులోనా?”

“అచ్చులోనే.”

ఇంటికొచ్చి పొంతన పని మొదలుపెట్టాడు. తాగనివాడికి రుచి తెలియదు. తిననివాడికి చేప తెలియదు. తెలిసినది పంచాంగం. రీస్లింగ్ అనే తెల్లవైనుకి ‘రీ’, చిత్త నాలుగో పాదం, తులారాశి. రొయ్యకి ‘రో’, స్వాతి, అదీ తులే. కలిపేశాడు. షార్డనే అనే ఇంకో వైనుకి ‘షా’, హస్త, కన్యారాశి. చందువాకి ‘చా’, రేవతి, మీనరాశి. చేప మీనంలో కాక ఇంకెక్కడ పుడుతుంది! కన్యకీ మీనానికీ సమసప్తకం, దివ్యమైన సంబంధం. పీనో అనే వైనూ పీతా ఇద్దరిదీ ‘పీ’. ఒకే నక్షత్రం, ఒకే పాదం. శాస్త్రప్రకారం దోషం. కానీ పీతకి పది పాదాలున్నాయి కనక దోషం పంచుకుంటే ఒక్కోదానికి పెద్దగా రాదని సర్దేశాడు.

ఆఖర్న సిరా అనే ఎర్రవైను మిగిలింది. నల్లగా, చిక్కగా, పేరుకి తగ్గట్టు కలంలో పోసుకోవచ్చు. ‘సీ’, శతభిషం, కుంభరాశి. సొరకి ‘సో’, పూర్వాభాద్ర, కుంభరాశి. సురకీ సొరకీ ఇంతకన్నా మంచి పొంతన ఉంటుందా! పెన్సిలు గీత గీసుకున్న వాక్యం అప్పుడు కళ్ళముందు కదిలింది. తాతమ్మ చెప్పిన ఇనప సట్టీ కదిలింది. రెండింటినీ పక్కకి నెట్టేశాడు. గ్రహాలు చెప్పాక చేపలమ్మే మనిషి చెప్పేదేమిటి?

చివరి పేజీలో ‘వంటలు చెప్పినది: తాతమ్మ, చింతపల్లి’ అని రాశాడు. నిజంగానే రాశాడు. రాశాక బావమరుదులు గుర్తొచ్చారు, కోవెల దగ్గర కలిసే చుట్టాలు గుర్తొచ్చారు. ‘కూర్మనాథం చేపల వరసలో కూర్చుని రాసుకున్నాట్ట’ అని వాళ్ళు అనుకోబోయే మాట చెవిలో వినబడింది. కూర్చోలేదు, నిలబడే రాసుకున్నాడు. అయినా తాతమ్మ పేరున్న లైను మీద గట్టిగా ఒక గీత గీసి కొట్టేశాడు.  అట్ట మీద ‘రచన: కూర్మనాథం’ అన్నది ఒక్కటే మిగిలింది.

*

పుస్తకం విడుదల చింతపల్లి ఒడ్డునే, ఒక ఆదివారం మధ్యాహ్న భోజనాల వేళ. పాతికమంది అతిథులు. ‘చలిదేశాల వైన్లు, చిటికెలో చేపలు’ అని అట్ట మీద నీలం అక్షరాలు. మాస్టారు పట్టుపంచె కట్టుకుని దిగేసరికి మురళీమోహన్ పరుగెత్తుకొచ్చాడు.

“వంటలు మీ పుస్తకంలోలాగే ఉండాలని ఊళ్ళో ఆడవాళ్ళనే పిలిపించానండి. చేపలు కూడా వాళ్ళవే. ఇవాళ నచ్చితే రోజూ వాళ్ళ దగ్గరే తీసుకుంటాం.”

మాస్టారు అడుగు వేగం పెంచాడు. వంటపాక వైపు చూడకుండా నడుద్దామనుకున్నాడు. చూడకపోయినా గొంతు వినబడింది.

“పంతులుగారూ! ఇలగ రండి, ఇలగ రండి!”

తాతమ్మ చెయ్యి కొంగుకి తుడుచుకుని పుస్తకం పట్టుకొచ్చింది. పక్కన ఆవిడలాగే చదువురాని ఇద్దరు ఆడవాళ్ళు, పొయ్యి మీద నూనె, గాలిలో మాస్టారు పీల్చకూడదనుకున్న వాసన.

“నా పేరెక్కడేసినారో సూపించండి. వీల్లు నమ్మట్లేదు.”

‘వెయ్యలేదు తాతమ్మా’ అంటే రెండు మాటలు. మాస్టారు పుస్తకం తీసుకుని పేజీలు తిప్పాడు. ఎక్కడా లేని పేరు వెతుకుతున్నట్టు ముందుకీ వెనక్కీ తిప్పాడు. చివరి అట్టకి ముందు పేజీలో, అడుగున, చుట్టూ గీతలు గీసిన చిన్న గడిలో ఒక లైను ఉంది. ఆయన వేలు అక్కడ ఆగింది.

“ఇదిగో.”

అది ‘మద్యపానం ఆరోగ్యానికి హానికరం’ అనే లైను. వేలున్నది చివరిమాట మీద.

తాతమ్మ తన వేలు కూడా అక్కడ ఆనించింది. పక్కవాళ్ళకి చూపించింది. “సూడండే! మిగతావన్నీ ఉత్తినే ఉన్నాయి. నా పేరుకి డబ్బా కట్టినారు.”

మాస్టారు బయటికి వచ్చేశాడు. ఎండలో నిలబడి ఉత్తరీయంతో మెడ తుడుచుకున్నాడు. చెమట ఆగలేదు. తనకి చదువు చెప్పిన తండ్రి బతికున్న రోజుల్లో ఒకసారి ఇలాగే ఎండలో నిలబెట్టాడు, పలక మీద తప్పు తుడిచేసి అసలు రాయనేలేదని బుకాయించినందుకు. అప్పుడు ఎనిమిదేళ్ళు. ఇప్పుడు అరవై.

లోపల బల్లలు నిండాయి. మురళీమోహన్ ఆయన్ని పెద్దకుర్చీలో కూర్చోబెట్టి మైకు ఇచ్చాడు. మైకు దొరికితే మాస్టారి నోరు దానంతటదే నడుస్తుంది. సీసాని సీసంతో కలిపాడు, వైనుని వైనంతో కలిపాడు, పులుసుని పురుషార్థాలతో కలిపాడు. అందరూ పగలబడి నవ్వారు. అప్పుడు కుర్రవాడైన స్టీవార్డు రీస్లింగ్ సీసా పట్టుకుని వచ్చి, మొదటి చుక్క మాస్టారు రుచి చూడాలన్నాడు.

సీసా వంగగానే మాస్టారి కుడిచెయ్యి దానంతటదే దొప్పయింది. ఎడమచేత్తో ఉత్తరీయం మడత దాని కింద పట్టింది. నాలుగు తరాల అలవాటు. స్టీవార్డు బిత్తరపోయి అరచేతిలోనే పోశాడు. మాస్టారు మూడుసార్లు జుర్రి, తడిచెయ్యి నెత్తిన రాసుకున్నాడు.

రాసుకున్నాక తెలిసింది ఏం చేశాడో. నాలుక మీద పుల్లగా, చల్లగా, కొంచెం తియ్యగా ఏదో ఉంది. కళ్ళలో మాత్రం తాతగారు కోవెలలో ఉద్ధరిణితో తీర్థం పోసే చెయ్యి ఉంది. నేల విచ్చుకుంటే బాగుండునని ఉంది.

బంగారు కళ్ళజోడావిడ ముందుకి వంగింది. “ఇదేనా మాస్టారూ అసలు పద్ధతి?”

“అవునమ్మా. అరచేతి వేడికి వైను వికసిస్తుంది,” అంది మాస్టారి నోరు.

అంతే. పాతిక చేతులు దొప్పలయ్యాయి. చలిదేశంలో పుట్టిన వైను చింతపల్లి అరచేతుల్లోంచి జుర్రుమని పోయింది. పాతిక తలలు తడిశాయి. “తలకెక్కింది” అని ఎవరో అంటే మళ్ళీ నవ్వులు.

రొయ్యలిగురు వచ్చింది. రీస్లింగ్‌తో అమోఘంగా కుదిరిందన్నారు. కారం నోరు మండిస్తుంటే పుల్లటి చల్లదనం వచ్చి వీపు తట్టినట్టుందన్నారు. చందువా కూడా కుదిరింది. పీత సంగతి, చేతులు ఖాళీ లేక, ఎవరూ ఏమీ అనలేదు. మాస్టారిని మీరు తినరేమని అడిగితే ఏకాదశి అన్నాడు. ఆవేళ చవితి.

తర్వాత సొర పుట్టు వచ్చింది, సిరా వచ్చింది.

మొదటి గుక్క పడగానే బంగారు కళ్ళజోడావిడ మొహం చేదుమాత్ర చప్పరించినట్టయింది. పక్కాయన జేబురుమాల్లోకి ఉమ్మేశాడు. “ఇదేంటయ్యా, ఇనప మేకు నాకినట్టుంది!” “గరివిడి ఫ్యాక్టరీ నుంచి ఖనిజం లోడు తెచ్చి నోట్లో దింపినట్టుందండి.” “చేప కుళ్ళిపోయింది మేనేజరుగారూ. చూసి కొనరా?”

మురళీమోహన్ తాతమ్మని పిలిచాడు. ఆవిడ గరిటెతోనే వచ్చింది.

“తాతమ్మా, సొర పాడైపోయింది.”

“పాడేటి బాబూ! తెల్లారగట్ల ఒలలో పడ్డ సొర. పాడైన సొరైతే మీరీ గదిలో కూకోలేరు. గేటు కాడికే కొడతాది కంపు. వాసన సూడండి.”

“గెస్టులు బాగోలేదంటున్నారు. రేపట్నించి మేం భీమిలి నుంచి తెప్పించుకుంటాం.”

“నలబై ఏల్లయ్యింది బాబూ నాను సేపలమ్మి. కుల్లిన సేపమ్మిందని ఒక్కలు అనలేదు.” ఆవిడ చుట్టూ చూసింది. ఎవరూ ఆవిడ వైపు చూడటం లేదు. అప్పుడు కొంగులోంచి పుస్తకం తీసింది. “ఇదిగో, నా పేరు బుక్కులో ఉన్నాది. పంతులుగారేసినారు. పేరేసినాక పాడుసేప ఎడతానా? మీరే సదవండి.”

వేలు గడిలో ఆనించి మురళీమోహన్ చేతికిచ్చింది.

మురళీమోహన్ చదివాడు. తలెత్తి మాస్టారిని చూశాడు. ఆయన మొహంలో ఏం కనబడిందో, మళ్ళీ పుస్తకంలోకి చూశాడు. ఎనిమిదో తరగతిలో పక్కవాడి తప్పు తన మీద వేసుకుని బెత్తం దెబ్బలు తిన్న పిల్లవాడు.

“అవునమ్మా,” అన్నాడు మెల్లగా. “నీ పేరే.”

బెత్తం దెబ్బ ఈసారి మాస్టారికి తగిలింది. తను నేర్పిన అక్షరాలు, తన కోసం అబద్ధమాడాయి.

“నీ పేరుంది గానీ తాతమ్మా, చేప మాత్రం...”

మాస్టారు లేవాలి. లేవలేదు. నోరు మూసుకుంటే ఏమవుతుందో లెక్క వేసుకున్నాడు. రెండు నెలల్లో అందరూ మర్చిపోతారు. తాతమ్మ గజపతినగరం సంతలో ఎలాగూ అమ్ముకుంటుంది. ఈ లెక్క ఎంత తొందరగా తేలిందో చూసి ఆయనకే ఒళ్ళు జలదరించింది. తాతమ్మ గరిటె కిందికి దించింది. ఆ గరిటె దిగడం చూడలేక లేచాడు.

“తప్పు చేపది కాదు. నాది. ఎర్రవైను వగరు. వగరు తగిలితే ఎంత మంచి చేపైనా ఇనుమే. మంచినీళ్ళు పుక్కిలించి ఉత్త చేప తిని చూడండి.”

పుక్కిలించారు. తిన్నారు. కళ్ళజోడావిడ రెండో ముద్ద తీసుకుంది, మూడోది కూడా. “చేప బంగారంలా ఉందే!”

“నాకు వైను తెలీదు,” అన్నాడు మాస్టారు.  “చేపా తెలీదు. రెండూ కుంభరాశని కలిపేశాను.”

ఒక్కసారిగా గది అదిరేలా నవ్వులు. ఆ మధ్యాహ్నమంతా ఆయన చేసిన శ్లేషల్లో ఇదే గొప్పదన్నారు. ఎవరో చప్పట్లు మొదలెట్టారు. మురళీమోహన్ చటుక్కున మైకు అందుకున్నాడు. “ఏ వైను పడదో చూపించడానికి మాస్టారు కావాలనే తప్పు జత పెట్టారండి! చెప్పి చూపించడం వేరు, చేసి చూపించడం వేరు!”

చప్పట్లు రెట్టింపయ్యాయి. నిజం చెప్పినందుకు కూడా తిట్టనివాళ్ళ మధ్య మాస్టారు క్షమించమని చేతులు జోడించి నిలబడ్డాడు. దండం అనుకున్నారు.

*

వంటపాకలోకి వెళ్ళేసరికి తాతమ్మ కొబ్బరిబొండం కొట్టించి పెట్టింది.

“మీరు తినరు కదా బాబూ, ఆకలేస్తాదని తెప్పించాను. మీరు సేప తినరని ఎవరికీ సెప్పలేదులెండి.” చేతులు జోడించింది. “నా సేప పరువు నిలబెట్టినారు. రోజూ ఇక్కడికే ఎయ్యమన్నారు ఆ బాబు.”

ఇక్కడితో వదిలేయవచ్చు. చేప గెలిచింది, ఆవిడ గెలిచింది, ఆయన పేరూ గెలిచింది. బొండం చేతికి చల్లగా తగిలింది. తాగలేకపోయాడు.

“తాతమ్మా. ఆ గడిలో ఉన్నది నీ పేరు కాదు.”

ఆవిడ చేతులు ఇంకా జోడించే ఉన్నాయి.

“నీ పేరు వెయ్యలేదు. రాసి కొట్టేశాను. నీ దగ్గర నేర్చుకున్నానంటే మావాళ్ళు నవ్వుతారని.”

“మరిదేటి?” గడి మీద వేలు పెట్టింది.

“తాగితే ఒంటికి చేటు అని. ప్రతి సీసా మీదా ఉండేదే.”

పొయ్యి దగ్గరున్న ఇద్దరూ కదలడం మానేశారు. నూనెలో నెత్తళ్ళు మాత్రం చిటపటలాడుతున్నాయి.

“అందరికీ సూపించినాను,” అంది తాతమ్మ.

మాస్టారు బొండం నేల మీద పెట్టేశాడు.

“ఆ మేనేజరు బాబు కూడా సదివి నీ పేరే అన్నాడు.”

“నా కోసం అన్నాడు.”

“సదువుకున్నోలు ఒకలికొకలు బాగానే కాపు కాసుకుంటారు.” ఆవిడ గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. “లేదంటే ఏటయ్యీది పంతులుగారూ? రెండు తిట్టీదాన్ని. మీరు పడీవోరు. నా ఏలు పట్టుకెల్లి తాగుడు మీద ఎట్టినారేటి!”

మాస్టారు ముప్ఫయ్యేళ్ళలో ఏ ప్రశ్నకీ ఇలా నిలబడలేదు. 

తాతమ్మ మాడుతున్న నెత్తళ్ళు దింపింది. దింపాక అడిగింది.

“కలం ఉన్నాదా?”

“ఉంది.”

“బుక్కులెన్ని?”

“నూటయాభై.”

“అన్నిట్లోనూ రాయండి. డబ్బాలో వద్దు.”

“ఎక్కడ రాయమంటావు?”

“మీ పేరెక్కడున్నాదో అక్కడ.”

“కింద రాయనా?”

“పక్కన.”

పుస్తకాల కట్ట తెప్పించుకుని మాస్టారు చేపలగంపల పక్కన పీట మీద కూర్చున్నాడు. సంతలో ఆవిడ జరిపితే కూర్చోని పీటలాంటిదే. ముక్కు మీదికి ఉత్తరీయం లాక్కోలేదు. మొదటి పుస్తకం అట్ట మీద, తన పేరు పక్కన, ‘తాతమ్మ’ అని గుండ్రంగా రాసి ఇచ్చాడు.

“ఇదేనా?”

“ఇదే.”

ఆవిడ అక్షరాలని చూడలేదు. ఆయన మొహంలోకి చూసింది. తర్వాత పుస్తకం పట్టుకుని పాకలోంచి బయటికి నడిచింది. భోజనాల దగ్గర మురళీమోహన్ ఎదురొచ్చి ఏదో అడిగాడు. అతనికి ఇవ్వలేదు. పక్కనుంచి దాటుకుని గేటు బయట ఎర్రన్న ఆటో దగ్గరికి వెళ్ళింది.

మాస్టారు కలం పట్టుకుని కూర్చున్నాడు. గాలి ఇటే వీస్తోంది. ఎర్రన్న గొంతు ముక్కలు ముక్కలుగా వినబడింది. ఐదో తరగతితో ఆపేసిన చదువు, కూడబలుక్కుంటున్నాడు.

“ర... చ... న. కూ... కూర్మ... కూర్మనాథం. తా... త... మ్మ. నీ పేరే అత్తా, ఏటయ్యింది?”

“మల్లీ సదువు.”

“తాతమ్మ.”

ఆవిడ తిరిగొచ్చింది. ఆ పుస్తకాన్ని మాస్టారి ఎదుట నేల మీద అట్ట పైకి పెట్టి, అది గాలికి లేవకుండా చివర కాలితో తొక్కిపట్టి, అక్కడే నిలబడింది.

“ఊఁ. రెండోది రాయండి.”

మాస్టారు రెండోది రాశాడు. ఆవిడ అడగకముందే తీసుకెళ్ళి మొదటిదాని పక్కన పెట్టాడు, సరిచూసుకోవడానికి.